వంగిన ఆరు పెన్నీల నాణెం

"అత్తా, మూడు రోజులుగా నా నాగలి వెనకాలే తిరుగుతున్నావు. కాకులైనా మధ్యలో కాస్త ఆగుతున్నాయి" అన్నాడు గిడియన్, గుర్రాన్ని ఆపి.

థామసిన్ తల ఎత్తలేదు. అరవై ఏళ్ళ నడుము పీకుతున్నా పట్టు విడవకుండా, కర్రతో మట్టిపెళ్ళ చితక్కొట్టి చూసి, తరవాతి పెళ్ళ దగ్గరికి జరిగింది.

"వెండి నాణెం. ఈ చాళ్ళలోనే ఎక్కడో ఉంది. శనివారంలోగా దొరకాలి."

శనివారం సంగతి ఊరందరికీ తెలుసు. పాత వెండి నాణేలను పన్ను అధికారి తీసుకునే ఆఖరి రోజు అదే. ఆ తరవాత లండన్‌లో కొత్తగా అచ్చు వేసినవే చెల్లుతాయి.

"ఎంత విలువ చేసే నాణెమేంటి?"

"ఆరు పెన్నీలది."

"ఆరు పెన్నీల కోసం నడుము విరగ్గొట్టుకుంటావా?"

"నా నడుము, నా ఇష్టం. పాత రాణి బొమ్మ ఉంటుంది. రెండంచులూ వంచి ఉంటాయి. కనిపిస్తే చెప్పు."

గిడియన్ నవ్వాడు. "వంచిందా? అదన్నమాట సంగతి. నన్ను పెళ్ళాడమని నేను వంచి ఇచ్చిన నాణెం మా ఆవిడ నెల్లీ ఇప్పటికీ పెట్టెలో దాచుకుంది. అంతకు ముందు దర్జీవాడు ఇచ్చినదాన్నయితే, నువ్వొద్దు పొమ్మని వాడి కళ్ళముందే విసిరేసిందట. నీది చనిపోయిన మామయ్య ఇచ్చిందా?"

"నువ్వు దున్నుకో, నాయనా."

శుక్రవారం మధ్యాహ్నం, కంచె పక్క చాలులో నల్లటి రేకుముక్క ఒకటి తగిలింది. ఉమ్మితో తుడిస్తే రాణి ముక్కు బయటపడింది. థామసిన్ అక్కడే కూలబడి ఏడ్చేసింది.

గిడియన్‌కు జాలి వేసింది. "ఇంత వంకరగా ఉంటే అధికారి తీసుకోడత్తా. కమ్మరి అమోస్ చేత సాపు చేయించు. రేపు పొద్దున్నే కొలిమి మూసేసి మేనల్లుడి ఊరికి వెళ్ళిపోతున్నాడు, మళ్ళీ రాడట."

"తెలుసు" అంది థామసిన్, అప్పటికే నడక మొదలుపెట్టి.

పెళ్ళీ పెటాకులూ లేని అమోస్ పనిముట్లన్నీ పెట్టెలో సర్దుకుంటున్నాడు. ఆమె నాణెం తీసి, ఇనుము సాగగొట్టే దాగలి దిమ్మ మీద పెట్టింది. అతను సుత్తి అందుకుని, నాణెం చూసి, అలాగే నిలబడిపోయాడు.

"సాపు చెయ్యమంటావా?" అన్నాడు.

"వద్దు. దాచుకుంటాను."

"రేపటి తరవాత చెల్లదు."

"చెల్లకపోతే మరీ మంచిది."

అమోస్ సుత్తి పక్కన పెట్టి, సర్దిన పెట్టెలోంచి పనిముట్లు ఒక్కొక్కటే బయటికి తియ్యసాగాడు.

ముప్ఫై తొమ్మిదేళ్ళ కిందట దాన్ని వంచి ఇచ్చింది అతడే, ఆ పొలంలోకి విసిరేసింది ఆమె.