ప్రయాణానికి ముందు

రాల్ఫ్ కోటు తొడుక్కుని తలుపు దగ్గరికి వచ్చేసరికి కపితోలినా అడ్డంగా నిలబడి ఉంది.

"జరుగు పిన్నీ."

"ఎక్కడికి?"

"మా రాయబార కార్యాలయానికి. ఇదుగో వచ్చానని చెప్పి చేతులు చాపుతా. సంకెళ్లు వేస్తే వేయనీ."

 కపితోలినా తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

తన దేశపు గూఢచారి శాఖ సొంత జనం ఫోన్లే దొంగచాటుగా వింటోందని పత్రికలకు చెప్పేసి, పారిపోయి వచ్చినవాడు రాల్ఫ్. ఏ దేశమూ గడప తొక్కనివ్వలేదు. మాస్కో ఉండమంది. తొమ్మిదో అంతస్తులో ఇల్లిచ్చింది. వండిపెట్టడానికి, కనిపెట్టుకుని ఉండడానికి కపితోలినాను పెట్టింది. ఆ పని తనకే కావాలని ఆమె కాళ్లావేళ్లా పడి అడిగింది.

"పోతే చంపేస్తారు నాయనా."

"చంపరు. జైల్లో పెడతారు. ఇది మాత్రం ఏమిటి? జైలే. కాకపోతే ఇక్కడ బీట్‌రూట్ చారు బాగుంటుంది."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"అసలు నన్నెందుకు ఉంచుకున్నారు పిన్నీ? నాకు తెలిసిందంతా పేపర్లో వచ్చేసింది. మీవాళ్లకు చెప్పడానికి నా దగ్గర చిటికెడు రహస్యం కూడా మిగల్లేదు."

"ఇంటికొచ్చినవాణ్ని ఎవరైనా గెంటుతారా?"

"సర్కారుకి కూడా నీ మనసే ఉందనుకుంటున్నావా!"

 ఆమె అతని కోటు గుండీలు విప్పసాగింది.  కిందటి చలికాలం అతనికి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. అప్పుడు అతని మంచం పక్కన నేల మీదే పడుకుంది. వీడికేమన్నా అయితే నన్నూ తీసుకుపో తండ్రీ అని దేవుడి పటానికి మొక్కింది.

"ఇవాళ ఒక్కరోజు ఆగు. నీ కాళ్లు పట్టుకుంటా," అంది. ఏడుస్తూ నిజంగానే వంగింది.

రాల్ఫ్ గబుక్కున ఆమె భుజాలు పట్టి లేపాడు. "మా అమ్మ కూడా నా కోసం ఇంత ఏడ్చి ఉండదు," అన్నాడు. కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు.

మధ్యాహ్నం మేజర్ ద్రోజ్దొవ్ వచ్చాడు. వస్తూనే కపితోలినాతో, "మీలా కనిపెట్టుకుని ఉండేవాళ్లు మా శాఖలోనే లేరమ్మా," అన్నాడు. తర్వాత రాల్ఫ్ వైపు తిరిగాడు. "మీకు పౌరసత్వం వచ్చింది. ఆఫీసుకొచ్చి ఒక సంతకం పెట్టాలి. పొద్దుగూకేలోపు ఇంట్లో ఉంటారు."

రాల్ఫ్ మొహం విప్పారింది. మళ్లీ కోటు తొడుక్కున్నాడు.

మేజర్ తలుపు తీశాడు. అప్పుడు కపితోలినా ఏ ఆలోచనా లేకుండా స్టూలు లాక్కుని కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

మేజర్ మొహం మాడిపోయింది.

మాస్కోలో, ఎంత తొందరున్నా సరే, దూరాభారం వెళ్లేవాళ్లున్నప్పుడు ఇంట్లో అందరూ కాసేపు అలా మాట్లాడకుండా కూర్చుంటారు. రొట్టె తేవడానికి వెళ్తే కూర్చోరు. సంతకం పెట్టి రావడానికీ కూర్చోరు. ఇన్నేళ్లున్నాక రాల్ఫ్‌కు ఆ సంగతి తెలియనిదేం కాదు.

"ఎంత దూరం పిన్నీ?" అన్నాడు మెల్లగా.

కపితోలినా కళ్లు తెరిచింది. తనేం చేసిందో అప్పుడు తెలిసింది. 

బయట మెట్ల దగ్గర ఇద్దరు మనుషులు కాచుకుని ఉన్నారు. రాల్ఫ్ వాళ్లను చూశాడు. తిరిగి గదిలోకి చూశాడు. కిటికీ తెరిచే ఉంది. అటు ఒక అడుగు వేశాడు.

"వద్దు!" కపితోలినా కేక పెట్టింది. "వద్దు నాయనా! నువ్వు బతికుండాలి!"

ఆ కేకకు అతను ఆగిపోయాడు.  తర్వాత వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. 

"ఏడవకు పిన్నీ. నీ చేతిలో ఏముంది?" అని ఆమె తల నిమిరి, లేచి వెళ్లాడు.

ఆ సాయంత్రమే రాల్ఫ్‌ను వాళ్ల దేశానికి అప్పగించి, బదులుగా అక్కడి జైలు నుంచి మాస్కో విడిపించుకున్న గూఢచారి కపితోలినా ఒక్కగానొక్క కొడుకు.