నత్త వేసిన వాగు

అడవిలో చెరువు గట్టున ప్రతి గురువారం జంతువులు చేరి, తెల్లని బెరడు ముక్కల మీద నీటిరంగులతో బొమ్మలు వేసేవి. వేసినవాటిని ఒకరికొకరు చూపించుకుని మురిసిపోయేవి. నత్త బొమ్మ మాత్రం ఎప్పుడూ పాడయ్యేది. అది పాకిన చోటల్లా జిగురు అంటుకుని రంగు నిలిచేది కాదు.

"నువ్వు ఊరికే కూర్చుని చూడవే. నీకిస్తే బెరడు దండగ," అంది ఒక గురువారం కొంగ.

నత్తకు ఏడుపొచ్చింది. ఇక ఎప్పుడూ రాకూడదనుకుని కదలబోయింది. అంతలో తాబేలు తాత, "ఇవాళ ఇంతవరకు ఎవరూ చేయని పని చేసి చూడండర్రా," అన్నాడు.

నత్త ఆగింది. కాసేపు ఆలోచించింది. రంగు ముట్టకుండా బెరడు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి వంకర్లు తిరుగుతూ పాకింది. తర్వాత నేరేడుపళ్ల రసంతో బెరడంతా కొండలు వేసింది. జిగురున్న చోట రంగు అంటలేదు. ఊదా కొండల మధ్య నుంచి తెల్లని వాగు మెలికలు తిరుగుతూ పారింది.

అందరూ చుట్టూ మూగారు. కొంగ మెడ వంచి చాలాసేపు చూసింది.

"ఎలా చేశావే? నాకూ నేర్పుతావా?"

నత్త కొమ్ములు రెండూ నిటారుగా ఎత్తింది.

"నేర్పుతానక్కా. వచ్చే వారం పెందలాడే రా. నేను నిదానంగా చెబుతాను."