చెక్క ఎండిపోకముందే

"అట్ల అడ్డంగా తుడస్తే గీతలు పడతాయమ్మా. చెక్క నార ఎట్ల పోతాందో గుడ్డ కూడా అట్లే పోవల్ల."

మామ గంగులప్ప మాటకు సింధూజ చెయ్యి ఆపి, ఈసారి మెల్లగా పొడుగునా తుడిచింది. కారు డాష్‌బోర్డు పొడవునా ముదురు గోధుమరంగు పట్టీ ఒకటి ఉంది. నెలల తరబడి టార్పాలిన్ కింద పడి ఉండటంతో దాని మీద దుమ్ము అట్టకట్టింది. ఆమె కారెక్కకుండా, ఎడమవైపు తలుపులోంచి వంగి తుడుస్తోంది.

మదనపల్లెలో తలుపులూ కిటికీలూ చేయించాలంటే గంగులప్ప పేరే చెప్పేవాళ్ళు. చిన్నప్పటి నుంచీ ఉలి పట్టిన చెయ్యి. వాసన చూసి ఏ మానో చెప్పేస్తాడు. ఆయన పొద్దున టిఫిన్ కాగానే, "కార్లో చెక్క పాడైపోతాండాది. నా వేళ్ళు వణకతాండాయి, రవ్వంత సాయం పట్టమ్మా" అని అడిగితే సింధూజ కాదనలేకపోయింది, ఆ కారు దగ్గరికి పోవడమంటేనే గిట్టకపోయినా.

పోయిన వానల్లో పలమనేరు దాటాక ఒక గ్రానైట్ లారీ ఆ కారును రాసుకుంటూ పోయింది. నడుపుతున్నది సింధూజే. విరిగిన చెయ్యి అతుక్కుంది, కారూ బాగుపడి వచ్చింది. ఆమె మాత్రం మళ్ళీ స్టీరింగు ముందు కూర్చోలేదు. కుప్పంలో పశువుల డాక్టరు ఆమె. పల్లెపల్లెకీ తిరగాల్సిన ఉద్యోగం. సెలవు పొడిగిస్తూ పొడిగిస్తూ వచ్చి, సోమవారం రాజీనామా ఇచ్చేస్తానని నిన్ననే భర్త మురళీధర్‌తో చెప్పింది.

"స్టీరింగు పక్కన మిగిలిపోయింది సూడు," అన్నాడు గంగులప్ప.

"ఈడినుంచి అందదు మామా."

"అందేచోట కూర్చో."

సింధూజ గుడ్డను మళ్ళీ జాడించింది. తర్వాత చుట్టూ తిరిగి వెళ్ళి, డ్రైవరు సీటు అంచున, ఒక కాలు బయటే పెట్టుకుని కూర్చుంది. ఆయన ఎడమ సీట్లో కూర్చుని చెబుతూ పోయాడు. గుడ్డను బాగా పిండాలి. అద్దాలు తుడిచే మందు ముట్టించకూడదు, మెరుగును తినేస్తుంది. సందుల్లో దుమ్ముకు పాత టూత్‌బ్రష్షు చాలు. వెంటనే పొడి బనీనుగుడ్డతో అద్దాలి.

పనిలో పడి ఆమె రెండో కాలు కూడా ఎప్పుడు లోపల పెట్టిందో గమనించుకోలేదు.

"తేమ దిగినట్టుండాది. ఏసీ ఎయ్యి, ఆరతాది."

"తాళం నువ్వు తిప్పు మామా."

"నాకు కారు సంగతి ఏం తెలుసమ్మా? చెక్క సంగతైతే అడుగు."

ఆమె తాళం తిప్పింది. మురళీధర్ వారానికోసారి స్టార్ట్ చేసి ఉంచుతున్న ఇంజను వెంటనే అందుకుంది. ఆ చప్పుడుకు ఆమె కళ్ళు మూసుకుంది. చల్లగాలి ముఖానికి తగులుతుంటే కాసేపటికి ఊపిరి కుదుటపడింది.

"ఎండ నేరుగా పడతాండాది. మెరుగు పగిలిపోతాది. రేకుల షెడ్డు కిందికి జరపల్ల."

"సాయంత్రం ఆయనొచ్చి జరుపుతాడు లే."

"అందాకా చెక్క ఆగతాదా?"

చిరాగ్గానే గేరు వేసింది. కారు పాకుతున్నట్టు పోయి నీడలో ఆగింది. ఆమె దిగలేదు. మామ మెచ్చుకుంటాడేమో అనుకుంది. ఆయన కొబ్బరినూనె చుక్కను పట్టీ మీద రుద్దుతున్నాడు. నూనె పైపైనే నిలిచింది.

"పీల్చుకోవడం లేదే?" అంది సింధూజ.

"బాగా ఎండిపోయుండాది. తేనెమైనం పాలిష్ కావల్ల. పుంగనూర్లో ముద్దుకృష్ణ అంగట్లో దొరకతాది."

"ఫోన్ చేస్తే బస్సులో పంపడా?"

"పంపతాడు, రేపొస్తాది. తుడిసి వదిలేసిన చెక్క రేపటికి పగుళ్ళిస్తాది." ఆయన ముఖంలో బెంగ కనిపించింది. "ఊరి చివరిదాకా తోలు. వద్దనిపిస్తే ఆడ్నే ఆపేయి. నేను బస్సెక్కి పోతా."

ఊరి చివర ఆమె ఆపలేదు. ఎందుకు ఆపలేదో ఆమెకే తెలియదు. గంగులప్ప తన పాటికి తాను, చేవ ఉన్న మాను ఎలా ఉంటుందో చెబుతూనే ఉన్నాడు.

సగం దారిలో మలుపు తిరగగానే ఎదురుగా లారీ. దాని మీద గ్రానైట్ బండలు. సింధూజ చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి.

"నిదానం," అన్నాడు గంగులప్ప. "నీ పక్క దండిగా సోటుండాది. గుడ్డతో తుడిసినట్టే. దారి ఎట్ల పోతే అట్లే పో."

కాలు మెల్లగా బ్రేకు మీద పడింది. లారీ గాలికి కారు కొద్దిగా ఊగింది. అంతే. లారీ వెళ్ళిపోయింది, దారి ఖాళీగా ఉంది.

ఆమె కారును పక్కకు తీసి ఆపి, వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులోంచే నవ్వు వచ్చింది. ఇన్ని నెలలుగా గుండెల మీద కూర్చున్నదేదో లేచి పోయినట్టయింది. గంగులప్ప నీళ్ళ సీసా అందించాడు.

"పోదామా మామా?" ఈసారి ఆమే అడిగింది.

పుంగనూర్లో ముద్దుకృష్ణ అంగడి ముందు కారు ఆగగానే, కార్లో చెక్కకు పాలిష్ కావాలని గంగులప్ప కిటికీలోంచే కేకేశాడు. సింధూజ దిగకుండానే భర్తకు ఫోన్ చేసింది.

"పుంగనూర్లో ఉండా. తోలిందెవరా? నేనే! సోమవారం కుప్పం పోతాండా... రాజీనామాకు కాదు, డ్యూటీకి."

అవతల మురళీధర్ "నిజంగానా?" అని రెండుసార్లు అడిగాడు. గంగులప్ప తల తిప్పుకుని వీధిలోకి చూస్తూ, పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు.

ఇంతలో ముద్దుకృష్ణ పాలిష్ డబ్బా పట్టుకుని వచ్చాడు. "యాడప్పా ఆ చెక్క?" అంటూ కిటికీలోంచి వంగి, సింధూజ చూపించిన పట్టీని గోటితో టకటకా కొట్టి, గంగులప్ప వైపు వింతగా చూశాడు.

"ఇదంతా ప్లాస్టిక్కే గదప్పా!"