అమ్మ వచ్చే చోటు

చెయ్యాల్సిన పనులు చాలా ఉన్నాయి. మందుల చీటీ పట్టుకుని కింద కొట్టుకు పరిగెత్తాలి. డాక్టరు ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టాలి. నాన్నను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఎండిపోయిన పెదాలు తడపాలి. దూరాన ఉన్న పెద్దమ్మకు కబురు చెయ్యాలి. వీటన్నిటికంటే ముందు, నాన్న నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క పని చెయ్యాలి. కథ చదవాలి.

తక్కిన పనులన్నీ అయ్యాయి. ఆ ఒక్కదాని దగ్గరే కూతురు ఆగిపోయింది.

“ఇందులో లేదన్నయ్యా,” అంది, ఆసుపత్రి మంచం పక్కన నిలబడి బొమ్మల పుస్తకం పేజీలు తిప్పుతూ.

“ఏది లేదు?”

“అమ్మ వచ్చే చోటు.”

“ఒంటికన్ను సేనాపతి కథ తెమ్మంటే ఇంకేదో పట్టుకొచ్చి ఉంటావు. నీకు పని చెప్పడం కంటే మనం చేసుకోవడం సుఖం.”

“అట్ట చూసి మాట్లాడు. సేనాపతి గుహలో చిక్కుకున్నాడు. దీపం ఆరిపోయింది. వాడే గోడ బద్దలు కొట్టుకుని బయటికొచ్చాడు. అంతే, అయిపోయింది. అమ్మ ఏదీ?”

నాన్న కళ్ళు సగం తెరుచుకున్నాయి. “చదువమ్మా... అమ్మ వచ్చే చోటు...” అన్నాడు. గొంతు దారప్పోగులా ఉంది. దగ్గరివాళ్ళను పిలిపించుకోమని డాక్టరు పొద్దున్నే చెప్పి వెళ్ళాడు.

అన్న చెల్లి దగ్గర బీరువా తాళంచెవి తీసుకుని ఇంటికి వెళ్ళాడు. గంట తిరక్కుండానే బీరువాలోని పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లో సర్ది మోసుకొచ్చాడు.

కుట్టుమిషన్లు బాగుచేసే మనిషికి ఇన్ని బొమ్మల పుస్తకాలేమిటని వీధిలో అందరూ నవ్వేవారు. మొదటి జీతంతో కొన్నది, పెళ్ళికి వెళ్తూ దారిలో కొన్నది, కొట్టు తెరిచిన రోజు కొన్నది, కొడుకు పుట్టినప్పుడు కొన్నది... ఆయన బతుకంతా ఆ బీరువాలోనే వరసగా ఉంది. వేళ్ళకంటిన నూనె వదిలేదాకా సబ్బుతో తోముకున్నాకే పుస్తకం ముట్టుకునేవాడు. దాని వెన్ను విరగకుండా, లోపలికి వేలు దూరేటంత మాత్రమే తెరిచేవాడు. ఆ సందులోంచి లోపలి పేజీ ఆయనొక్కడికే కనిపించేది. పిల్లలు ఎదురుగా కూర్చుని వినాల్సిందే. చదువులు వచ్చేసరికి వాళ్ళకు బొమ్మల మీద మోజు పోయింది. ఆసుపత్రికి వచ్చేదాకా బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండిపోయింది.

“ఏంటండీ, వార్డులో పుస్తకాల దుకాణం పెడుతున్నారా?” అంది నర్సు, పెట్టెలు చూసి.

“కాసేపు సిస్టర్. పెద్దాయన కోరిక.”

“ఈ వయసులో బొమ్మల పుస్తకమా కోరిక?” నవ్వబోయింది నర్సు. మంచం మీది ముఖం చూసి, నవ్వు మింగేసి, గోడవారనున్న బల్లను తనే ముందుకు లాగింది.

అన్నాచెల్లెళ్ళిద్దరూ చెరో పెట్టె ముందేసుకున్నారు.

“చంద్రుడి మీద తప్పిపోయిన కుర్రాడి కథ చూడు. అమ్మ నిచ్చెన వేసుకుని పైకి వెళ్తుంది కదా.”

“నిచ్చెనా లేదు, అమ్మా లేదు. రాకెట్టు వచ్చి ఎక్కించుకుపోయింది.”

“సముద్రం అడుగున నగరం?”

“రాణి ఉంది. అమ్మ లేదు.”

“మాయల గుర్రం?”

“గుర్రమే ఉంది.”

పెట్టెలు ఖాళీ అయ్యాయి. అన్న చేతులు ఒళ్ళో పడేసుకుని కూర్చున్నాడు. ముఖం చిన్నబోయింది.

“పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవాలి, అక్షరం పొల్లు పోకూడదు అని మన చెవులు మెలిపెట్టేవాడు. తీరా చూస్తే ఇన్నేళ్ళూ మనకు చదివిందంతా బొంకేనా?”

“నెమ్మదిగా అన్నయ్యా. వింటాడు.”

“విననీ. ఒక్క పుస్తకంలోనైనా ఉండకూడదటే?”

నాన్న వేళ్ళు దుప్పటి మీద తడుముకుంటున్నాయి. అడగడానికి ఇక గొంతు లేదు. కూతురు సేనాపతి పుస్తకం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. నాన్న తెరిచినట్టే, లోపలికి వేలు దూరేటంత తెరిచింది. అందులోకి చూడలేదు. నాన్న ముఖంలోకి చూస్తూ, చిన్నప్పుడు ఆయన నోట విన్నది విన్నట్టే మొదలుపెట్టింది.

“గుహలో దీపం ఆరిపోయింది. సేనాపతికి ఉన్న ఒక్క కన్నూ పనికిరాకుండా పోయింది. ఇక నా పని అయిపోయిందిరా దేవుడా అని చతికిలబడ్డాడు. అప్పుడు అమ్మ వచ్చింది. కొంగుతో వాడి మూతి తుడిచింది. ‘మూడు లోకాలూ గెలిచావు గానీ మూతి తుడుచుకోవడం రాలేదురా నా తిక్కసన్నాసీ! లే, అన్నం చల్లారిపోతోంది. మిగతా యుద్ధం రేపు చేద్దువుగాని’ అంది.”

నాన్న పెదాలు ఆమె మాటల వెంటే కదిలాయి. ‘తిక్కసన్నాసీ’ దగ్గర కాస్త నవ్వినట్టు సాగాయి. ‘రేపు’ దగ్గరికి వచ్చేసరికి కదలడం మానేశాయి.

నర్సు వచ్చి నాడి చూసి, తల అడ్డంగా ఊపింది. అన్న రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

గుమ్మంలో సంచి కిందపడిన చప్పుడైంది. బస్సు దిగి నేరుగా వచ్చిన పెద్దమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపు విన్నదో. ఆమె మంచం వైపు చూడటం లేదు, కూతురి వైపే చూస్తోంది.

“ఆ తిట్టు మా చెల్లిదే! మీ నాన్నను రోజూ తిక్కసన్నాసీ అనే తిట్టేది... నువ్వు పుట్టిన పూటే కన్నుమూసింది కదే అది, దాని మాట నువ్వెప్పుడు విన్నావే?”

మీరెప్పుడైనా ఏ బొమ్మల పుస్తకమైనా తెరిస్తే, అందులో కనిపించని ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి.