మతిమరుపు కాపలాదారు

“ఇదొద్దు మాసీమా. దీనికి నోరెక్కువ.”

తమాల్ మూడో సీడీని బల్ల మీద పక్కకు తోశాడు. బిభావతి దాన్ని మళ్లీ ముందుకు లాగింది.

“ముందు మూడూ ఏమిటో చెప్పు.”

“మూడూ ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్లే. మీ కంప్యూటర్లోకి దొంగలు దూరకుండా కాపలా కాస్తాయి. ఇది ఖరీదు, మీకు దండగ. ఇది నోరు మెదపకుండా తన పని తాను చూసుకుంటుంది, హాయి. ఆ మూడోదుందే, లోపల్నుంచి ఏది గడప దాటబోయినా ‘పంపనా, వద్దా’ అని మీ ప్రాణం తోడేస్తుంది.”

“అయితే అదే పెట్టు.”

“ఇందాకట్నుంచీ నేను చెబుతున్నదేమిటి?”

“కాపలావాడన్నాక అడగాలి నాయనా. నోరు మెదపనివాడు మేలుకున్నాడో, గుర్రుపెడుతున్నాడో నాకెలా తెలుస్తుంది?”

బడిలో ముప్ఫై ఏళ్లు భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ఆమెతో వాదన పెట్టుకున్నవాళ్లెవరూ ఢాకురియా పేటలో బాగుపడలేదు. తమాల్ మూడో సీడీనే ఎక్కించాడు.

“చూడండి, అడగాల్సి వచ్చినప్పుడు ఇలా ఎర్ర పెట్టె వస్తుంది. కింద చిన్న గడి ఉంది కదా, అందులో టిక్కు పెట్టి ‘పంపు’ నొక్కితే జవాబు గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ అడగదు. టిక్కు పెట్టకపోతే రోజూ ఇదే గోల.”

“శుక్లాలు ముదిరిన కళ్లకి ఎర్ర పెట్టె కనబడటమే గొప్ప, గడి కూడానా? అడిగినప్పుడు నిన్నే పిలుస్తాలే.”

ఆమెకు కావలసిందీ అదే.

తమాల్ కింది వాటాలో ఉంటాడు, ఆమెను పిన్ని వరస కలిపి ‘మాసీమా’ అంటాడు. అతని భార్య మితాలీ వైశాఖంలో పోయింది. శ్రాద్ధం అయ్యాక మైల విడిచి పెట్టే చేపల భోజనం నాడు అందరికీ దగ్గరుండి వడ్డించాడు గానీ, తాను ముద్ద ముట్టలేదు. ఆ తర్వాత ఎవరు భోజనానికి పిలిచినా ఒకటే మాట, “ఇప్పుడే తిన్నాను.” బిభావతి కూర పంపితే, గిన్నె ఉత్తిదిగా ఇవ్వకూడదని రెండు సందేశ్ మిఠాయిలు పెట్టి మరీ తిప్పి పంపాడు. కూర మాత్రం వీధి కుక్క తింది. జాలి వాసన తగిలితే చాలు, తలుపేసుకునేవాడు. చూస్తుండగానే చొక్కా లోపల మనిషి కరిగిపోతున్నాడు. ఇలాగే వదిలేస్తే వీడు దక్కడని ఆమెకు గుబులు పట్టుకుంది.

కానీ పనుందంటే మాత్రం కాదనలేడు. అది అతని బలహీనత.

మర్నాడు సాయంత్రం ఆమె ఈమెయిళ్లు చూసుకోబోగానే ఎర్ర పెట్టె వచ్చింది.

“తమాల్, నీ కాపలావాడు అడుగుతున్నాడు” అని మెట్ల దగ్గర నిలబడి కేకేసింది.

అతను వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్లింది.

“టిక్కు పెట్టేశాను మాసీమా. ఇక అడగదు. వెళ్తున్నా.”

“వెళ్తున్నా ఏమిటి, అశుభం. వెళ్లొస్తాననాలి. ముందు కూర్చో. పని చేయించుకుని ఉత్త కడుపుతో పంపే ఇల్లు కాదిది.”

పూరీల్లాంటి రెండు లూచీలు, కాస్త ఆలూ దమ్. కూలి కింద తిన్నాడు.

అతను మెట్లు దిగగానే బిభావతి దేశపటాలు చూసే భూతద్దం తీసింది. ఆ సాఫ్ట్‌వేర్ అంతా గాలించి, ‘అన్నీ మర్చిపో’ అనే పెద్ద మీట పట్టుకుంది. దాన్ని నొక్కితే ఇచ్చిన జవాబులన్నీ చెరిగిపోతాయి. తృప్తిగా నొక్కింది. మర్నాడు ఎర్ర పెట్టె మళ్లీ అడిగింది. ఆమె మళ్లీ కేకేసింది.

అలా రోజూ అతను టిక్కు పెట్టేశాననడం, అతను వెళ్లగానే ఈమె మీట నొక్కడం.

“ఇంత మతిమరుపు కాపలావాణ్ని నేనెక్కడా చూడలేదు” అని తమాల్ విసుక్కునేవాడు.

“పోనీలే పాపం. నా పంచన చేరి నా వయసు తెచ్చుకున్నాడు.”

రెండు లూచీలు నాలుగయ్యాయి, ఆరయ్యాయి. ఒకనాడు కూరలో ఉప్పు తక్కువైందని వంక పెట్టాడు. ఆ మాట విని ఆమె వంటింట్లోకి వెళ్లి, కొంగుతో కళ్లు తుడుచుకుని, ఉప్పు డబ్బాతో తిరిగి వచ్చింది.

పనిముట్లకు మొక్కే విశ్వకర్మ పూజ నాడు కంప్యూటర్ మీద బంతిపువ్వు పెట్టి దణ్ణం పెట్టుకుంది. ఈ బిడ్డను నిలబెట్టావు తండ్రీ, నీ మతిమరుపు చల్లగా ఉండాలి అని మనసులోనే అనుకుంది. తమాల్ దాని పక్కన ఇంకో పువ్వు పెట్టాడు.

“నువ్వెందుకు?”

“దాని పేరు చెప్పి తింటున్నాను కదా. విశ్వాసం ఉండొద్దూ?”

దుర్గా పూజలయ్యాక కంటి ఆపరేషన్ చేయించుకుంది. ఆసుపత్రికి బయల్దేరే హడావిడిలో ముందురోజు మీట నొక్కడం మర్చిపోయింది. బెహాలాలో మేనకోడలింట్లో కట్టు కట్టుకుని పడుకున్నన్నాళ్లూ ఆమెకు కంటి బెంగ లేదు, మీట బెంగే. టిక్కు అలాగే ఉండిపోయింది. ఇక పెట్టె అడగదు, తమాల్ రాడు. ఊరికే పిలిస్తే “ఇప్పుడే తిన్నాను” అంటాడు. మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంటికి రాగానే, చేతిసంచి కూడా దించకుండా కంప్యూటర్ ఆన్ చేసి ఈమెయిళ్లు తెరవబోయింది. ఎర్ర పెట్టె వచ్చింది, ఎప్పట్లాగే అడిగింది.

విశ్వకర్మే దయ తలిచాడని చేతులు జోడించి, మెట్ల దగ్గరికి వెళ్లి కేకేసింది. తమాల్ రెండేసి మెట్లు ఎక్కి వచ్చాడు.

“చూపెలా ఉంది మాసీమా?”

“గోడ మీది బల్లికి వేళ్లెన్నో చెప్పగలను. నువ్వేంటి, మళ్లీ చిక్కావు? పద, ముందు దాని సంగతి చూడు.”

లూచీలు పొంగుతుండగా గదిలోంచి అతని గొంతు వినిపించింది.

“టిక్కు పెట్టేశాను మాసీమా. ఇక జన్మలో అడగదు.”

పళ్లెం పట్టుకుని అతని వెనక్కి వచ్చిన బిభావతి, కొత్త కంటితో తెర వైపు చూసింది. అతని చెయ్యి ‘పంపు’ నొక్కబోతోంది.

గడి ఖాళీగా ఉంది.