రెండు మంచాల గది

“నేను రావట్లేదు వదినా. నువ్వొక్కదానివే వెళ్ళిరా.”

కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే ఆవిడ చేతిలో ఉన్ని స్వెట్టరు అలాగే ఉండిపోయింది. మంచం మీద పెట్టె నోరు తెరుచుకుని ఉంది. తెల్లారితే విమానం.

“ఏమైంది? ఒంట్లో బాలేదా?”

“బాగానే ఉంది.”

“ఆస్పత్రివాళ్ళు సెలవివ్వలేదా?”

“ఇచ్చారు. ఇవాళ డ్యూటీ లేదు, ఇంట్లోనే ఉన్నా.” ఫోనులో నర్సు గొంతు బాగా తగ్గిపోయింది. “రాబుద్ధి కావట్లేదు. అంతే.”

కళ్ళజోళ్ళావిడ కుర్చీలో కూలబడింది. ఇద్దరూ ఇంతవరకూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. ఒంటరిగా వచ్చేవాళ్ళకు గది కుదరడం కష్టమనీ, ఇలాంటి ఆవిడే మరొకరు ఉన్నారనీ చెప్పి, టూర్ల ఏజెంటు చలికాలంలో ఆవిడ నంబరిచ్చాడు. మొదటిరోజే పేచీ. నర్సుకు ఆల్ప్స్ కొండలు కావాలి; రాత్రి డ్యూటీల్లో గోడలు చూసి చూసి విసిగిపోయానంది. ఈవిడకు హాలండ్ పల్లెలు కావాలి. తన మోకాళ్ళకు కొండలెందుకు, చదును నేల, కాలవ గట్టు, ఓ గాలిమర, నాలుగు ఆవులు చాలంది. “సరే, రెండూ చూసొద్దాం” అని ముందు అన్నది ఎవరో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు.

ఇక రోజూ సాయంత్రం ఫోనే. ఈవిడ దుకాణం నుంచి వచ్చి చెప్పులు విడిచేసరికి ఆవిడ డ్యూటీకి తయారవుతూ ఉండేది. దొరికిన ఆ కాసేపట్లోనే ప్రయాణమంతా అల్లుకున్నారు. ఏప్రిల్ దాటితే ట్యులిప్ పూలు ఉండవట, కాబట్టి పూలు ముందు, కొండలు తర్వాత. మే నెలకు కింద పచ్చిక వస్తుంది, పైన మంచు ఎటూ పోదు. సైకిలు ఇద్దరికీ రాదు, కాబట్టి పడవ. కొండెక్కే చిన్న రైల్లో కిటికీ సీటు వంతులవారీగా. వారం తిరక్కుండా ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది, వెనకే ‘వదినా’ వచ్చింది. ఇద్దరికీ అన్నదమ్ములు లేరు. ఎవరు ఎవరికి ఏ వరసన వదినో అడిగేవాళ్ళూ లేరు. ఒకసారి కలుద్దామని ఈవిడ అన్నప్పుడల్లా “విమానం దగ్గరే చూసుకుందాంలే” అని నర్సు దాటేసేది.

“నిజం చెప్పు. నేనేమైనా అన్నానా?”

“నువ్వేమంటావు పిచ్చిదానా!” నర్సు గొంతు ఇంకా తగ్గించింది. “భయంగా ఉంది.”

“విమానమంటేనా?”

“నువ్వంటే.”

ఈవిడకేమీ అర్థం కాలేదు.

“ఫోనులో అయితే నేను బాగానే ఉంటా వదినా. నవ్వుతా, కబుర్లు చెప్తా. ఎదుట మనిషి ఉంటే నాకు నోరు పెగలదు. సూది గుచ్చేటప్పుడు తప్ప ఇంకొకరి చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో. ఒకటే గది, రెండు మంచాలు. నాలుగు రోజులకే నీకు మొహం మొత్తుతుంది. తిరిగొచ్చాక నువ్వు ఫోను చెయ్యవు. నాకు ఉన్నది ఈ ఫోనొక్కటే. కొండల కోసం దీన్ని పోగొట్టుకోలేను.”

కళ్ళజోళ్ళావిడ చేతిలోని స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుంది. పొద్దస్తమానం ఎవరెవరి కళ్ళలోకో చూడటమే తన పని. అద్దం మార్చి మార్చి ‘ఇప్పుడు కనిపిస్తోందా’ అని అడుగుతుంది. కనిపిస్తోందనగానే వాళ్ళు లేచి వెళ్ళిపోతారు. తిరిగి తనవైపు చూసినవాళ్ళెవరూ గుర్తురాలేదు.

“నేను గురక పెడతాను,” అంది చివరికి.

“ఏంటీ?”

“గురక. పెడతాననే అనుకుంటున్నా. పెడుతున్నానో లేదో చెప్పడానికి ఇంట్లో ఎవరుండి చచ్చారు?”

అటు ముక్కు చీదిన చప్పుడు. దాని వెంట, ఆపుకోలేని చిన్న నవ్వు.

“విను వదినా. రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే వస్తా. ఒకసారి నన్ను చూడు. నచ్చకపోతే మొహాన తలుపెయ్యి, నేనేమీ అనుకోను. పొద్దున్నే ఒక్కదాన్నే పోతా. సాయంత్రం మాత్రం ఎక్కడున్నా నీకు ఫోను చేస్తా.”

“వద్దు. నువ్వు ఊరికి ఏ మూలనుంటావో ఏమో. ఇప్పుడంత దూరం...”

“సముద్రాలు దాటి పోదామనుకున్నదాన్ని, ఉన్న ఊళ్ళో నీ ఇంటికి రాలేనా? ఎక్కడో చెప్పు.”

నర్సు ఇంకో రెండుసార్లు వద్దంది. ఆఖరికి వీధి చెప్పింది. భవనం చెప్పింది. ఎన్నో అంతస్తో చెప్పింది.

కళ్ళజోళ్ళావిడ కుర్చీలోంచి లేచింది.

“విన్నావా వదినా? మరీ దూరమా? లైన్లో ఉన్నావా?”

ఈవిడ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా తలుపు తీసింది. రెండడుగులు వేసి ఎదురింటి గంట నొక్కితే, ఆ మోత తలుపు వెనకనుంచీ ఫోనులోంచీ ఒకేసారి వినిపించింది.