దేవుడి మీద కాలు

“రాయితో పాటు నేనూ రావాలి. మీ బామ్మర్ది ఎక్కమన్నాడు.”

దుర్గి దగ్గర చెయ్యెత్తి బస్సుకు అడ్డం నిలబడిన ముసలాయన అన్న మాట ఇది.

భుజాన గోతాం సంచి. మాసిన పంచె. మోకాళ్ళ దాకా తెల్లటి దుమ్ము.

మాచర్ల ధాన్యం వ్యాపారి పున్నయ్య ఆయన్ని ఒక్కసారి ఎగాదిగా చూశాడు. గింజ పంటి కింద వేసుకోందే బస్తా కొనని మనిషి, ఈ ముసలాయన విలువ మాత్రం గోతాం చూసే కట్టేశాడు.

“మా బామ్మర్దికి దానగుణం చానా ఎక్కువలే. పో, వెనక కూర్చో.”

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క, బొగ్గుతో నడిచే బస్సును మాట్లాడుకున్నాడు పున్నయ్య. ఇంటిల్లిపాదీ మాచర్ల చెన్నకేశవుడికి మొక్కి బయల్దేరారు. కారెంపూడి వీరుల గుడి, కోటప్పకొండ చూసుకుని కొండవీటి కోట దాకా ప్రయాణం.

కోట కింద వాళ్ళ పూర్వీకుల ఊరుంది. అక్కడి గుడిలో దేవుడు లేక మూడు తరాలైంది. నిలబెడతానని తాత మొక్కాడు, చెయ్యలేదు. తండ్రి మొక్కాడు, చెయ్యలేదు. “శెట్టిగారి మొక్కు నీళ్ళ మీద రాత” అని ఊరు నవ్వింది.

ఆ నవ్వుకు జవాబు ఇప్పుడు బస్సు వెనక భాగంలో, గడ్డి పరుపు మీద పడుకుని ఉంది. వేణుగోపాలస్వామి.

దుర్గిలో చెక్కించింది బామ్మర్దే. ఏర్పాట్ల కోసం అతను ముందే ఊరికి వెళ్ళాడు. బండి మీద మాచర్ల చేరిన విగ్రహం ప్రతిష్ఠకు ముందు ఆచారం ప్రకారం పది రోజులు పున్నయ్య కొట్లో ధాన్యంలో ఉంది. ముఖానికి కట్టిన గుడ్డ గుడి దాకా విప్పకూడదన్నారు. పున్నయ్య విప్పలేదు.

ముహూర్తం ఎల్లుండి పది గంటలకు. అది తప్పితే మళ్ళీ ఉత్తరాయణమే.

కారెంపూడిలో అందరూ వీరుల గుడికి మొక్కి వచ్చి, బస్సులో స్వామికీ దండం పెట్టుకున్నారు. ముసలాయన చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

“నువ్వూ పెట్టుకో పెద్దయ్యా,” అంది పున్నయ్య తల్లి మణెమ్మ.

“ఇప్పుడే ఎందుకమ్మా?” అన్నాడాయన.

పున్నయ్య అది విన్నాడు. మనసులో ఉంచుకున్నాడు.

ఊరు దాటాక మిట్ట ఎక్కలేక బస్సు ఆగిపోయింది.

“అందరూ దిగి నడవండయ్యా,” అన్నాడు డ్రైవరు మౌలాలీ.

అందరూ దిగారు, ముసలాయన తప్ప.

“మహారాజు దిగడంట!” ఎవరో దెప్పారు.

బస్సు మూలిగింది. వెనక్కి జారింది. కుదుపుతో మళ్ళీ ఎక్కింది. మిట్ట మీద పున్నయ్య ఆయాసపడుతూ వచ్చి వెనక తలుపు తీశాడు.

ముసలాయన గోడకు వీపు ఆనించి, కుడికాలు స్వామి గుండెల మీద తన్నిపెట్టి కూర్చున్నాడు.

“ఒరేయ్! దేవుడి మీద కాలేందిరా?”

“దొర్లుతుంటే ఆపా.”

“ఎవడివిరా నువ్వు?”

“రా అన్నోడికి పేరు చెప్పను.”

మౌలాలీ దగ్గరకొచ్చాడు. “శెట్టిగారూ, ఆ కాలే లేకపోతే సామి తలుపు తోసుకుని రోడ్డు మీద పడుండేవాడు.”

“నువ్వు బండి సంగతి చూసుకో.” పున్నయ్య ముసలాయన వైపు తిరిగాడు. “చెంపలేసుకో. అప్పుడే బస్సులో చోటు.”

“రాయికి చెంపలేసుకోను.”

“రాయా!”

“రాయే. దండం పెట్టినా రాయే, కొబ్బరికాయ కొట్టినా రాయే. నన్ను దించావంటే అది రాయిగానే ఉంటది.”

“శాపం పెడతన్నాడమ్మో!” అంటూ ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు.

నిజానికి ఆయన గొంతులో కోపం లేదు. సరుకు ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు. పున్నయ్యకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

“దిగు!”

“దిగుతా. చెయ్యెత్తి ఎక్కా, తలెత్తి దిగుతా.”

మణెమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. తాగి, చెంబు ఆమె చేతికిచ్చి, గోతాం భుజాన వేసుకుని, ఎండలో దుర్గి వైపు నడిచాడు. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.

“పీడ పోయింది,” అన్నాడు పున్నయ్య.

బొగ్గు బస్సు ఆగుతూ, మూలుగుతూ, ముహూర్తానికి అరగంట ముందు కోట కింద ఊరు చేరింది. మేళం మోగింది. ఊరంతా గుడి ముందే ఉంది. ఒకప్పుడు నవ్విన ముఖాల మధ్య నుంచి స్వామిని మోయించుకుంటూ, పున్నయ్య ఛాతీ విరుచుకుని లోపలికి నడిచాడు.

పూజారి గుడ్డ విప్పాడు.

తీరైన నుదురు. కోటేరు వేసిన ముక్కు. నవ్వబోతున్న పెదవులు.

కళ్ళుండాల్సిన చోట నున్నటి రాయి.

“ఒరేయ్, మోసపోయాం! కళ్ళేవిరా?” పున్నయ్య బామ్మర్ది భుజం పట్టుకుని ఊపేశాడు.

బామ్మర్ది నవ్వాడు. “మోసమేంది బావా? కళ్ళు గుడిలోనే తెరవాలి, చెక్కిన చేత్తోనే. అందాకా అది దేవుడు కాదు...”

“రాయే,” అన్నాడు పున్నయ్య, తనకు తెలియకుండానే.

“ఓహో, నీకూ చెప్పాడా? ఎంత పనిమంతుడో అంత పొగరు ఆ ముసలాయనకి. ఉలి సంచి ఇంకోళ్ళని ముట్టుకోనియ్యడు.” బామ్మర్ది గుమ్మంలోంచి బస్సు వైపు తొంగి చూశాడు. “ఇంతకీ ఏడీ? ఇంకా దిగలేదేం?”

మేళం ఆగింది. ఊరు ఎదురుచూస్తోంది.

“ఆయన పేరేంది?” అని మెల్లగా అడిగాడు పున్నయ్య.